హర్రాజు తెల్లారి

"ఆఖరుసారి అడుగుతున్న వెంకటీ. ఈ అత్తర్‌దాన్‌కు నకలు ఎవరు చేసిండ్రు?"

లాకప్ కటకటాల అవతల గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటి తలెత్తలేదు. వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా సాగదీసి పువ్వులల్లే ఆ వేళ్లు మోకాళ్ల చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

"నేను దొంగతనం చెయ్యలే సారూ."

"అది పొద్దటి నుంచి చెప్తనే ఉన్నవ్. నేనడిగేది అది కాదు. కరీంనగర్‌ల గిసొంటి పని చేసెటోళ్లు ఎందరున్నరు? ఇద్దరా, ముగ్గురా? అండ్ల ఎవరి చేతి పని ఇది?"

"నేను దొంగతనం చెయ్యలే."

పర్శరాములుకు ఒళ్లు మండింది. నిజాం జమానాలో అమీనుగా, అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరుగా, ఎంతోమంది దొంగలను నిలబెట్టి అడిగినవాడు. పోలీసు చర్య తర్వాత ఆ ఉద్యోగం ఊడింది. ఈ పదకొండేళ్లుగా వకీళ్లకూ షావుకార్లకూ ప్రైవేటుగా విచారణలు చేసిపెడుతూ బతుకుతున్నాడు. అబద్ధాలు చెప్పేవాళ్లంటే అతనికి కోపం లేదు, ఎక్కడో ఒకచోట వాళ్లే దొరికిపోతారు. ఏమీ చెప్పకుండా కూర్చునేవాళ్లంటేనే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. పైగా ఈ మనిషిని కాపాడడానికే తను వచ్చాడు. కాపాడతానంటే మూతి ముడుచుకునేవాడిని ఏమనాలి?

అతని చేతిలో, ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలి తెచ్చుకున్న వెండి నెమలి ఉంది. తోక విప్పి, ముక్కున చిన్న ఆకు కరుచుకుని నిలబడిన నెమలి. పొట్టలో అత్తరు దూది పెట్టే గిన్నె. చూడముచ్చటగా ఉంది కానీ కొత్తది. మూడు తరాల నుంచి చేతులు మారిన వెండికి ఉండే నలుపు దీని సందుల్లో ఎక్కడా లేదు.

"రేపు పొద్దుగాల నిన్ను మేజిస్ట్రేటు ముందటికి తోలుకపోతరు. దొంగతనం, దగా. రెండూ రాస్తరు. జైలుకు పోతవ్. తెలుస్తుందా?"

వెంకటి మొదటిసారి కళ్లెత్తాడు. చూపు పర్శరాములు మీద ఆగలేదు. అతన్ని దాటుకుని గుమ్మం వైపు పోయింది.

"బయట నా కోసం ఎవలన్న అచ్చిండ్రా సారూ?"

"ఎవలు రావాలె?"

వెంకటి మళ్లీ మోకాళ్ల మీద తల ఆన్చాడు. పర్శరాములు విసురుగా బయటికి నడిచాడు.

కథంతా మానేరు వరదతో మొదలైంది. ఆ భాద్రపదంలో వాగు పొంగి పద్మశాలీల వాడలో చొరబడితే గుంట మగ్గాలన్నీ బురదలో కూరుకుపోయాయి. ఊరి పెద్దలు సాయం కమిటీ పెట్టి, ఉన్నవాళ్ల ఇళ్లలో పాత వస్తువులు అడిగి తెచ్చి, ఒక ఆదివారం బడి హాల్లో హర్రాజు, అంటే వేలంపాట, వేశారు. చనిపోయిన పెద్ద వకీలు గారి భార్య లతీఫున్నీసా బేగం తన అత్తగారి నాటి అత్తర్‌దాన్ ఇచ్చింది. హర్రాజుకు ముందు దాన్ని కడిగి మెరుగు పెట్టినవాడు వెంకటి. హర్రాజు నాడు అందరి ముందూ తరాజులో తూచినవాడూ అతనే. పాటలో దక్కించుకున్నవాడు జమ్మికుంట పత్తి వ్యాపారి కైలాసం.

నెల తిరగకముందే కైలాసం దాన్ని మూడింతల ధరకు ఎవరో బొంబాయి ఆసామికి బేరం పెట్టాడని తెలిసి ఊరంతా నోరు నొక్కుకుంది. అంతలో ఆయన ఇంకో బాంబు పేల్చాడు. బొంబాయి ఆసామి మనిషి వచ్చి చూసి ఇది నకలన్నాడట. కమిటీ తనకు నకలు అంటగట్టిందని, తన పైసలు తనకు వాపసు చెయ్యాలని పోలీసు ఫిర్యాదు. బేగమే నకలు ఇచ్చిందని కొందరు గుసగుసలాడారు. కాదు, మెరుగు పెట్టేవాడే మార్చేశాడని ఇన్‌స్పెక్టర్ పేర్రాజు తేల్చి వెంకటిని లోపలేశాడు. పరదా దాటి రాని బేగం పర్శరాములును పిలిపించి ఒకే మాట చెప్పింది: "నేను చేసిన దానం మీద ఒక గరీబు జైలుకు పోతే, అది దానమెట్లయితది అమీన్ సాబ్?"

కైలాసం కరీంనగర్‌కు వచ్చినప్పుడల్లా గంజ్‌లోని తన పత్తి దుకాణంలోనే దిగుతాడు. పర్శరాములు వెళ్లేసరికి తెల్లటి పరుపు మీద దిండుకు ఒరిగి పాన్ నములుతున్నాడు.

"ధర్మానికి పెట్టిన హర్రాజుల కొన్న వస్తువును లాభానికి అమ్ముతరా సేటూ?"

"రాండ్రి అమీన్ సాబ్, కూసోండ్రి. అడుగంగనే ఏం మాటడిగిండ్రు!" కైలాసం నవ్వాడు. "ధర్మం చేసింది బేగం. నేను చేసింది ఖరీదు. ఇచ్చుడు వేరు, కొనుడు వేరు. పైసలు పెట్టి కొన్నంక అది నాది. ఇంట్ల పెట్టుకుంట, అమ్ముకుంట, కరగబోసుకుంట."

"పాటల లేచి నిలబడి మీరేమన్నరు? 'మా అవ్వ పేరు మీద ఇంట్ల పెట్టుకుంట' అనలేదా? గా మాట ఇని అత్తరు దుకాణం గులాం నబీ సాబ్ పాట ఆపిండు. తల్లి పేరు మీద తీసుకునేటోని మీద పోటీ పడుడు మర్యాద కాదని ఆపిండు. ఆయన పాడి ఉంటే ధర ఇంకా మీదికి పోతుండె. వరదల మగ్గాలు పోయిన సాలోళ్లకు ఇంకో నాలుగు మగ్గాలు వస్తుండె."

"అన్న. నాడు అట్లనిపిచ్చింది, అన్న. ఇయ్యాల అమ్మబుద్ధయింది. దాని ధర పడిపోతే సాలోళ్లు నా నష్టం పంచుకుందురా? లాభం అనేసరికి అందరూ వాటాకొస్తరు." కైలాసం ముందుకు వంగాడు. "మీరు కాయిదా తెలిసినోళ్లు. ఏ దఫా కింద నేను తప్పు చేసిన్నో జర చెప్పుండ్రి."

 అలాంటి దఫా లేకపోవడమే పర్శరాములును తినేస్తోంది. తప్పని ఊరికి తెలుసు, బేగంకు తెలుసు, పాట ఆపిన గులాం నబీకి తెలుసు, బహుశా ఈ పాన్ నములుతున్న నోటికీ తెలుసు. ఒక్క చట్టానికే తెలియదు. తల్లి పేరు చెప్పి నలుగురి నోళ్లు మూయించి చవకగా కొట్టేయడం ఏ పుస్తకంలోనూ నేరం కాదు.

"మంచిది. నకలని తేలిందంటున్నరు గద, నకలైతే ఏమాయె? అవ్వ పేరు మీద పెట్టుకోవచ్చు గద. పైసలు వాపసు ఎందుకడుగుతున్నరు?"

నమలడం ఆగింది.

"వెంకటిని ఎరుగుదురా?" పర్శరాములు ఊపిరి తీసుకోనివ్వలేదు.

"హర్రాజు నాడు తరాజు పట్టుకొని నిలబడ్డడు, గంతే. మల్ల వాని మొఖం చూడలే." కైలాసం ఉమ్మి తొట్టి దగ్గరికి జరుపుకున్నాడు. "ఇగ పోండ్రి అమీన్ సాబ్. పత్తి బండ్లు వచ్చే యాళ్లయింది."

బడిలో సామాను అర్ర చూస్తేనైనా ఏదో తెలుస్తుందని పర్శరాములు ఆశ. హర్రాజు వస్తువులన్నీ ముందురోజు నుంచి అందులోనే దాచారు. పేర్రాజు చెప్పే కథ ప్రకారం, హర్రాజు రోజు తెల్లవారుజామున వెంకటి సంచి పట్టుకుని వచ్చి, ఆ అర్రలో దూరి, అసలుది సంచిలో వేసుకుని నకలు పెట్టిపోయాడు. బడి ఊడ్చే బుచ్చవ్వ చూసిందట. అదే సాక్ష్యం.

అర్రను పర్శరాములు మూలమూలా వెతికాడు. ఉన్నది ఒకే కిటికీ, దాని ఊచలు కదపలేదు. తలుపు చెక్క మీద గీత లేదు. తాళం పాతదే అయినా గట్టిది. లోపల సున్నం రాలిన గోడలు, కాలు విరిగిన బెంచీ, సుద్దముక్కల డబ్బా. దుమ్ము చొక్కాకు అంటుకోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఈ కేసులో తను చెయ్యి పెట్టిన ప్రతిచోటా ఇంతే అనుకుంటూ చేతులు దులుపుకున్నాడు.

బుచ్చవ్వ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఇదంతా వింతగా చూస్తోంది. ముసలిదే కానీ నిటారుగా ఉంది.

"తాళంచెవి ఎవల దగ్గరుంటది బుచ్చవ్వా?"

"నా బొడ్లెనే ఉంటది సారూ. పెద్దపంతులుకు గూడ ఇయ్య."

"మరి వెంకటి లోపటికెట్ల పోయిండు? నువ్వు తీసిచ్చినవా?"

"తీసుడెందుకు? గా పొద్దు అర్రకు తాళమే ఎయ్యలే. అండ్ల ఏమున్నదని తాళమెయ్యాలె?"

"ఏమున్నదా?" పర్శరాములు గొంతు లేచింది. "బేగం ఇచ్చిన వెండి నెమలి ఉన్నది గద! హర్రాజు సామానంత ఉన్నది గద!"

బుచ్చవ్వ అతన్ని జాలిగా చూసింది. పెద్ద చదువులు చదివి మతి పోయినవాళ్లను చూసే చూపు.

"అయ్యో సారూ, నెమలిని సేటు తీస్కపోనే పాయె. ఎవల సామాను ఆళ్లు తీస్కపాయిరి. ఉత్త అర్ర. వెంకటి తరాజు ఒక్కటే ఉండె. అది మర్సిపోయిన్నని అచ్చి, సంచిల ఏసుకొని పోయిండు."

"ఆగాగు. ఏనాటి సంగతి చెప్తున్నవ్?"

"హర్రాజు తెల్లారి. పోలీసు సారుకు గూడ గదే చెప్పిన."

పర్శరాములు కాలు విరిగిన బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ మాట అతను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. పెండ్లి తెల్లారి అప్పగింతలు, పండుగ తెల్లారి బోటికూర. ఈ ఊళ్లలో ఎవరన్నా సరే 'తెల్లారి' అంటే మర్నాడు. పేర్రాజు నోట 'హర్రాజు రోజు తెల్లవారుజామున' అని విన్నాడే కానీ, ముసలిది నిజంగా ఏ మాట వాడిందో నిన్నటి నుంచి తను అడగనే లేదు. తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది.

"గప్పుడు నువ్వేం చేస్తున్నవ్ బుచ్చవ్వా?"

"ఏం చేస్త? హర్రాజుకు అచ్చినోళ్లు గోడల నిండ పాన్ ఉమ్మిరి. కడుక్కుంట కూసున్న. నా నడుములు ఇరిగినయి."

"లే. చీపురాడ పెట్టు. ఠాణాకు పోదాం. ఇదే మాట ఇంకోసారి చెప్పాలె."

ఇన్‌స్పెక్టర్ పేర్రాజు తూర్పుగోదావరి వాడు. రాష్ట్రాలు కలిశాక ఇటు బదిలీ అయి రెండేళ్లు కావస్తోంది. పనిమంతుడే. ఇక్కడివాళ్ల మాట తనకు అర్థమైందనుకోవడమే అతనితో వచ్చిన చిక్కు. బుచ్చవ్వ చెప్పిందంతా రెండోసారి విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగుందండీ పరశురాములు గారూ. సాక్షిని మీరే వెంటబెట్టుకుని వచ్చి మాట మార్పించేస్తే ఇక మేమెందుకండీ?"

"మాట మారలేదు. మీకు చెప్పిందే మళ్ల చెప్పింది. హర్రాజు తెల్లారి."

"అదేనండీ నేనూ అంటున్నది. తెల్లారి అంటే తెల్లవారి! మాకొక సూర్యుడూ మీకొక సూర్యుడూ ఉన్నారటండీ?"

"సూర్యుడు ఒక్కడే. మాట వేరు. మా దిక్కు పెండ్లి తెల్లారి అంటే పెండ్లి అయిన మర్నాడు. ఆమె చూసింది సోమారం పొద్దుగాల. అప్పటికి హర్రాజు అయిపోయింది, నెమలి సేటు ఇంటికి పోయింది. హర్రాజు కాకముందే వచ్చిండంటే, హర్రాజుకొచ్చినోళ్లు ఉమ్మిన పాన్ మరకలు ఎట్ల కడుగుతది?"

పేర్రాజు ఒక్క క్షణం తడబడి వెంటనే తేరుకున్నాడు. "ముసలిదండీ. రోజులు కలిపేసుకుంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని కేసు కొట్టెయ్యమంటారా?"

"అబ్బాస్!" పర్శరాములు గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్‌ను పిలిచాడు. "మొన్న బక్రీదుకు సారును సెలవెట్లడిగినవ్?"

అబ్బాస్ భయంభయంగా ఇన్‌స్పెక్టర్‌ను చూశాడు. "పండుగ తెల్లారి సెలవు కావాలె సార్ అని అడిగిన. సారు సరే అన్నరు. తెల్లారి మా అత్తగారింటికి పెద్దపల్లికి పోయిన."

"నువ్వడిగింది పండుగ పొద్దున నమాజుకి కదయ్యా!" పేర్రాజు కుర్చీలోంచి సగం లేచాడు. "మర్నాడు డ్యూటీకి రాలేదనే కదా నీకు మెమో ఇచ్చాను!"

"అవ్ సార్. సెలవిచ్చి మెమో ఎందుకిచ్చిండ్రో నాకు ఇప్పటిదాంక సమజ్ కాలే."

 బుచ్చవ్వ "ఇగ నేను పోనా సారూ?" అంది. పేర్రాజు చెవులు ఎర్రబడ్డాయి. ఎదుటివాడు గెలిచాడని ఒప్పుకునే మనిషి కాదు. కానీ ఓడాక మొండికేసే మనిషీ కాదు.

"సరేనండీ. ఇవాళే వదిలేస్తాను. మీ మాట మీద వదిలానని రాసి మరీ వదులుతాను. రేపు వాడు కనిపించకపోతే మిమ్మల్నే పట్టుకుంటాను. ఊళ్లో పేరున్నవాళ్లు ఎవరైనా జామీను ఉండాలి."

"బేగం సాహెబా మనిషిని తోలుకొస్త. అందాక ఆగుండ్రి."

లతీఫున్నీసా బేగం ఇల్లు అక్కడికి దూరమేమీ కాదు. పర్శరాములు పరదా ఇవతల కూర్చుని జరిగింది చెప్పాడు. చాలా రోజుల తర్వాత మనసు కాస్త తేలికపడింది. అయినా ఒక ముల్లు లోపల గుచ్చుతూనే ఉంది. హర్రాజుకు ముందు మారలేదు సరే, మరి ఎప్పుడు మారింది?

"అల్లా మేలు చేసిండు," పరదా వెనక నుంచి బేగం అంది. "జామీనుకు మా మున్షీని ఇప్పుడే పంపుత. పాపం, ఎంత శ్రద్ధ గల పనివాడు! హర్రాజు అయినంక గూడ వచ్చి అడిగిపోయిండు."

పర్శరాములు సగం లేచినవాడు ఆగిపోయాడు. "హర్రాజు అయినంకనా? ఏమడిగిండమ్మా?"

"నెమలి ముక్కున ఆకు ఉండేది గద. నా షాదీ నాడే విరిగిపోయింది. ఈ ముప్పై ఏండ్లు ముక్కున ఆకు లేకుండనే ఉన్నది, అట్లనే ఇచ్చిన. అది పూర్వం ఎట్లుండేదో చెప్పుమన్నడు. తమలపాకు తీరు ఉండేదని చెప్పిన."

పర్శరాములు కళ్ల ముందు పొద్దున తన చేతిలో ఉన్న నెమలి కదిలింది. దాని ముక్కున ఆకు ఉంది. తమలపాకే. హర్రాజు నాటి నెమలికి లేని ఆకు ఇది, అంటే నకలు తయారైంది హర్రాజు తర్వాతే.

"ఎందుకడుగుతున్నడో చెప్పిండా?"

"కైలాసం సేటు బాగు చెయ్యమని ఇచ్చిండట."

మళ్లీ వాని మొఖం చూడలేదన్నాడు కైలాసం. అసలుది వెంకటి చేతికిచ్చి నకలు చేయించుకున్నవాడు అతనే. నకలు చూపించి తను పెట్టిన పైసలు మగ్గాల సొమ్ములోంచి వెనక్కి లాక్కుంటాడు. అసలుది బొంబాయికో ఇంకెక్కడికో గుట్టుగా అమ్ముకుంటాడు. వెంకటి నోరు విప్పకపోవడానికి కారణం మొండితనం కాదు. నోరు మూసుకుంటే విడిపిస్తానన్న సేటు మాట నమ్ముకుని కూర్చున్నాడు.

"అమ్మా, గీ సంగతి నాకు ముందుగాల్నే చెప్పొద్దా?" పర్శరాములు గొంతులో ఏడుపు లాంటి కోపం.

"మీరు అడుగలేదు గద అమీన్ సాబ్," బేగం బిత్తరపోయింది. "మీరు గానీ, ఇన్‌స్పెక్టర్ పంపినోళ్లు గానీ, హర్రాజుకు ముందు ఎవరొచ్చిండ్రు, ఏం చేసిండ్రనే అడిగిరి."

నిజమే. ఒక్క మాట తప్పు విని, కేసంతా హర్రాజుకు ముందు వెతికారు. దొంగ హర్రాజు తర్వాత కూర్చుని ఉన్నాడు. పర్శరాములు మున్షీ కోసం ఆగలేదు. దస్తీతో మెడ తుడుచుకుంటూ, నడి బజారులో వయసు మరిచి పరుగెత్తాడు. వెంకటి నోటి మాట ఒక్కటి చాలు. ఆ మాట పేర్రాజు ముందు చెప్పించాలి.

లాకప్ తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఇంకా ఏమిటండీ?" పేర్రాజు తలెత్తకుండానే అన్నాడు. "మీ వెంకటిని వదిలేశాను. మీరే పంపారట కదా?"

"నేనెవరిని పంపలే! ఎవరొచ్చిండ్రు?"

"కైలాసం గారండీ. మీరు అటు వెళ్లగానే ఫిర్యాదు ఏమైందని వచ్చి, వాడికి జామీను కావాలని విన్నారు. ఫిర్యాదు నేను కమిటీ మీద పెట్టాను కానీ పేదవాడి మీద కాదు, పాపం వాడిని ఉట్టి పుణ్యానికి పట్టుకున్నారు, జామీను నేనే ఉంటానన్నారు. ఊళ్లో ఆయన కంటే పేరున్నవాళ్లు ఎవరండీ? పరశురాములు గారు అడిగారన్నారు. సంతకం తీసుకుని పంపేశాను."

"నకలు చేయించిందే ఆయన! జీపు తీయుండ్రి!"

"ఏమిటండీ మీరనేది?" పేర్రాజు ముఖంలో రంగు మారింది. "మా జీపు పొద్దున్నే జగిత్యాల వెళ్లింది. సాయంత్రానికి కానీ రాదు."

పర్శరాములు బల్ల మీద రెండు చేతులూ బలంగా చరిచాడు. వాదించి, సాక్షిని తెచ్చి, ఒక్కో చిక్కు విప్పి, ఆ మనిషిని లాకప్‌లోంచి బయటికి లాగింది తనే. లోపల ఉన్నంతసేపు వెంకటికి ఏ భయమూ లేదు. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

"ఎటు తీస్కపోయిండు అబ్బాస్? జమ్మికుంటకేనా?"

"కాదు సార్. ఆదిలాబాద్ దిక్కు. నిర్మల్‌ల వెండి పని ఇప్పిస్త, నాలుగు దినాలు ఊరి కండ్ల ముందట ఉండకు అని చెప్పిండు. రాయపట్నం కాడ గోదారి దాటుతరట." అబ్బాస్ ఏదో తప్పు జరిగిందని అప్పుడే గ్రహించినట్టు గొంతు తగ్గించాడు. "వెంకటి మొదలు సేటు కారు ఎక్కనన్నడు సార్. 'నాకు ఈత రాదు సేటూ, పడవంటే భయం' అన్నడు. 'నేనుండంగ నీకేం ఫికర్ర' అనుకుంట సేటే చెయ్యి పట్టి ఎక్కిచ్చిండు."